ముందు కళాయి, తర్వాత మాటు

వేసవి సెలవుల్లో వాడపల్లి వెళ్ళినప్పుడు మా చిన్నాడి గ్లైడర్ కూలిపోయింది. ఇంజను లేని చిన్న విమానం అది. గాలి మీద తేలుతూ పోతుంది. కింద నిలబడి రిమోట్‌తో దాని తోకరెక్కల్ని కదుపుతారు. శనివారాలు వెంకన్న గుడికి జనం విపరీతంగా వస్తారు కనుక ఆ రోజు బయటికి తీయొద్దని ముందే చెప్పాను. మంగళవారం సాయంత్రం గోదావరి గట్టు మీంచి విసిరాడు. బాగానే లేచింది. తిప్పబోయేసరికి ముక్కు కిందికి పెట్టి, ఇసుకలో ఆడుకుంటున్న మా మరిది కూతురికి రెండు బారల దూరంలో గుచ్చుకుంది. పిల్లకేం కాలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంటికి తెచ్చి విప్పి చూస్తే తప్పు బయటపడింది. తోకరెక్కను లాగే ఉక్కు తీగ, దాని చివర టంకం వేసి అతికించిన ఇత్తడి కొసలోంచి జారి వచ్చేసింది. తీగ చివర టంకం చిన్న ముత్యంలా గుండ్రంగా నిలిచి ఉంది. గోటితో గీకితే ఊడిపోయింది. మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని చూసి, "కళాయి పట్టలేదురా నాన్నా, మాటు ఎలా నిలుస్తుందీ?" అన్నారు.

విమానాల సంగతి ఆవిడకేం తెలియదు. అయినా ఆ మాట అక్షరాలా నిజం.

ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలో వంటంతా ఇత్తడి గిన్నెల్లోనే. కళాయి అరిగిపోయిన గిన్నెలో పులుసు కాస్తే చింతపండు పులుపుకి ఇత్తడిలోని రాగి కరిగి వంటలోకి దిగుతుంది. కిలుం రంగు, వాంతులు, కడుపునొప్పి. అందుకే కొన్నాళ్ళకోసారి కళాయి వేసే ఆయన కోసం ఎదురుచూసేవారట. ఆయన వీధిలో చిన్న గుంట తవ్వి, బొగ్గులు పోసి, తోలుతిత్తితో ఊదేవాడు. ఆయన రాకముందే ఇంటి ఆడవాళ్ళ పని మొదలయ్యేది. చింతపండు, ఉప్పు, ఇటుకపొడి వేసి కొబ్బరిపీచుతో చేతులు మండేదాకా తోమాలి. ఎక్కడ మురికి ఉంటే అక్కడ కళాయి పట్టదు. తర్వాత ఆయన గిన్నెను కాల్చి, నవాసారం పొడి చల్లి, తగరపు కడ్డీ తాకించి, దూదితో ఒక్కసారి తిప్పేవాడు. తెల్లటి పొగ లేచి, గిన్నె లోపల వెండిలా మెరిసేది.

ఆ నవాసారమే ఇందులో కీలకం. వేడికి అది విడిపోయి లోహం మీది కిలుం పొరను తినేస్తుంది. లోహం శుభ్రంగా బయటపడిన ఆ క్షణంలోనే తగరం దాన్ని పట్టుకోవాలి. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి వీధిలో బొగ్గుల మంటే చాలు.

ఈ విద్య చాలా పాతది. గాల్ దేశంవాళ్ళు రాగి పాత్రలకు తగరం పూస్తే వెండికీ వాటికీ తేడా తెలియదని 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లీనీ రాశాడు. కళాయి అన్న మాట మనదనుకుంటాం కానీ, తగరానికి అరబ్బీలో ఉన్న పేరు అది. ఆ తగరం మలయా వైపు నుంచి ఓడల మీద మన తీరాలకు వచ్చేది. అదే దారిలో మాట కూడా వచ్చి మన వంటింట్లో స్థిరపడింది. టంకం మాత్రం మన సంస్కృతం మాటే. వెలిగారానికి టంకణం అని పేరు. కంసాలి నగ అతికేటప్పుడు వాడేది దాన్నే. టిబెట్ సరస్సుల నుంచి వచ్చిన ముడి వెలిగారంతో పాటు ఆ పేరు పర్షియన్ మీదుగా ఇంగ్లీషు దాకా వెళ్ళింది.

అతుకుల్లోనూ రెండు రకాలున్నాయి. గోదావరి అవతల పెరవలి దగ్గరి అజ్జరం ఇత్తడి సామానుకు పేరున్న ఊరు. మన అమ్మమ్మల కాలం నాటి పాత బిందెను తిప్పి చూడండి. చాలావాటికి రంపం పళ్ళలాంటి గీత కనిపిస్తుంది. అది గట్టి అతుకు. లోహం ఎర్రగా కాలేదాకా కొలిమిలో పెట్టి, వెలిగారం చల్లి, త్వరగా కరిగే ఇత్తడితో అతుకుతారు. పొయ్యి మీద పెట్టినా ఊడదు. తగరం, సీసం కలిపి వేసే మాటు మెత్తటిది. మంట తగిలితే కరుగుతుంది.

మరి ఉక్కు? ఇనుము, ఉక్కు ఇత్తడి అంత సులువుగా మాట వినవు. అయినా మనవాళ్ళు వాటికీ మాటు వేశారు. బర్మాషెల్ కంపెనీ కిరసనాయిలు డబ్బాలు గుర్తున్నాయా? ఆ కంపెనీ మన దేశంలో 1928లో మొదలై, 1977లో భారత్ పెట్రోలియం అయింది. ఆ ఖాళీ డబ్బాలను కోసి బియ్యం డబ్బాలు, గరాటాలు, బుడ్డి దీపాలు చేసేవారు. అది ఉక్కు రేకే, కానీ కార్ఖానాలోనే తగరం పూత పూసుకుని వచ్చింది. ముందే కళాయి ఉంది కనుక మాటు ఇట్టే పట్టేది. కళాయి ఆయన్ని మన వీధుల్లోంచి పంపేసిన స్టెయిన్‌లెస్ స్టీలు సంగతి వేరు. 1913లో ఇంగ్లండులో హ్యారీ బ్రియర్లీ చేసిన ఆ ఉక్కులోని క్రోమియం పైన కంటికి కనబడని పొర కడుతుంది. దానికి కళాయి అవసరమూ లేదు, మామూలు మాటు పట్టదు కూడా.

ఇక విమానాలకు తీగలెందుకంటే, రెక్కను కదపకుండా గాలిలో తిరగడం కుదరదు. రైట్ సోదరులు 1902 నాటి గ్లైడర్‌లో తోకను తీగలతో కదిలేలా చేశాకే దాన్ని అదుపులో పెట్టగలిగారు. 1898లో టెస్లా న్యూయార్కులో రేడియోతో చిన్న పడవను నడిపి చూపించాడు. 1937లో అమెరికాలో గుడ్ అనే కవల సోదరులు రేడియోతో నడిచే బొమ్మ విమానం ఎగరేశారు. ఇప్పుడు రేడియో మాట వినేది అగ్గిపెట్టె కన్నా చిన్న మోటారు. ఆ మోటారు మాట రెక్కకు చెప్పేది మాత్రం అప్పటికీ ఇప్పటికీ తీగే. తీగ ఊడితే రిమోట్ చేతిలో ఉన్నా లేనట్టే.

మర్నాడు మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి మా అత్తగారు కుర్చీ వేసుకుని దగ్గరే కూర్చున్నారు. తీగ చివరను గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దించారు. రుద్దాక వేలితో ముట్టుకోనివ్వలేదు, చేతి జిడ్డు చాలు చెడగొట్టడానికి. ఉక్కుకు వాడే పుల్లటి ద్రావకం రాసి, కాలిన సోల్డరింగ్ కడ్డీని తీగకు ఆనించి, టంకాన్ని కడ్డీకి కాకుండా తీగకు తాకించాడు. తీగే దాన్ని కరిగించుకోవాలి. పల్చగా, తడిసినట్టు పరుచుకుంది. అదే కళాయి. ఇత్తడి కొస లోపలా అలాగే పూశాక, రెండూ కలిపి వేడిచేసి చల్లారేదాకా కదపలేదు. ఆ ద్రావకం మిగిలితే తీగ తుప్పు పడుతుందని వంటసోడా నీళ్ళతో కడిగాం. బిందెలా ఎర్రగా కాల్చి అతకొచ్చుగా అని నేనడిగితే, అలా కాలిస్తే ఉక్కు తీగ బిగువు పోయి మెత్తబడిపోతుందని వాడే చెప్పాడు.

ఒక్క విషయంలో నేను గట్టిగా ఉన్నాను. వాడి టంకంలో సీసం ఉంది. ఐరోపా దేశాల్లో 2006 నుంచి ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసం టంకాన్ని చాలావరకు మాన్పించారు. పిల్లల మెదడుకు సీసం చేసే హాని అలాంటిది. అందుకే ఆ పని వంటగట్టు మీద కాదు, వసారాలో. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. నా గరిటెలు, గిన్నెలు ముట్టుకోకూడదు. సీసం లేని టంకం దొరుకుతుంది, కాస్త ఎక్కువ వేడి కావాలంతే. ఈసారి అదే కొనిపిస్తున్నాను.

ఎగరేసే ముందు మా అత్తగారు తీగను ఒక చేత్తో, కొసను ఒక చేత్తో పట్టుకుని బలంగా లాగి చూశారు. రాలేదు. అప్పుడు గానీ గట్టు మీదికి పంపలేదు. పిల్లల్ని నా వెనకాల నిలబెట్టుకున్నాను. గ్లైడర్ గోదారి గాలి మీద రెండు చుట్లు తిరిగి, ఇసుక మీద మెల్లగా దిగింది.

ఆ రాత్రి అటక మీంచి ఆవిడ పాత ఇత్తడి గిన్నె దింపించారు. లోపల కళాయి అరిగి పసుపు తేలింది. వేసేవాళ్ళు రావడం మానేశాక అది అక్కడే ఉండిపోయింది. "నేను వేయనా మామ్మా?" అన్నాడు చిన్నాడు.

"వేద్దువుగాని. నీ సీసం మాత్రం వద్దు, మేలిమి తగరం తేరా" అన్నారావిడ. "తోమడం నేను నేర్పుతాను."