మైక్రోసాఫ్టు కంపెనీ తొలినాటి పేరు

ఒక సంస్థ రాజ్యమేలిన పిమ్మట దాని బాల్యమును గూర్చి రెండు తెఱగుల కథలు పుట్టును. పొగడువారు, ఆ బాల్యముననే సర్వమును ముందుగా జూచిన మహాబుద్ధి యుండెనందురు. తెగడువారు, నాటినుండియు మోసమే యుండెనందురు. ఈ రెండు కథలును వేఱుగా గనబడినను వాని దోష మొక్కటియే. రెండును తుదిని జూచి మొదలు వ్రాసినవి. మైక్రోసాఫ్టు కంపెనీని గూర్చి మనలో వినవచ్చు మాటలు పెక్కు లీ తెఱగువియే. 1990 తరువాత పెరిగిన మన యువకులకు ఆ పేరు విండోసుతో గూడియే తెలియును. కాని 1975లో పుట్టినది మొదలు పదియేండ్లకు పైగా లోకము దానిని మఱియొక విధముగా నెఱిగియుండెను. ఆ తొలినాటి పే రెట్టిది, అది యెట్లు వచ్చెను, అందు న్యాయ మెంత యని విచారించుటయే ఈ వ్యాసమునకు బ్రయోజనము.

1975 జనవరి నెల పాపులర్ ఎలక్ట్రానిక్స్ అను అమెరికా పత్రిక ముఖపత్రముమీద ఆల్టెయిర్ 8800 అను యంత్రము బొమ్మ వెలువడెను. న్యూమెక్సికో రాష్ట్రమున ఆల్బుకర్కీ పట్టణమందలి మిట్స్ అను చిన్న కంపెనీ, ఎడ్ రాబర్ట్స్ అనువాని నాయకత్వమున, దానిని నిర్మించెను. ఇంటెల్ కంపెనీవారి 8080 అను చిప్పు దానికి మెదడు. అంతవఱకు కంప్యూటరనిన ప్రభుత్వములకును, విద్యాపీఠములకును, పెద్ద వర్తకశాలలకును మాత్రమే దక్కు వస్తువు. ఇప్పుడు సామాన్యుడు భాగములను తెప్పించుకొని, తన యింట గూర్చుకొనవచ్చును. కాని కూర్చిన పిమ్మట చేయుట కేమున్నది? దానికి తెర లేదు. మీటల పలక లేదు. మొదట నిచ్చు జ్ఞాపకశక్తి 256 బైట్లు మాత్రమే. ముందువైపు నున్న స్విచ్చులను ఒక్కొక్కటిగా పైకిని క్రిందికిని త్రిప్పి ఆజ్ఞల నీయవలెను. మినుకుమను దీపములను జూచి ఫలమును గ్రహింపవలెను. యంత్రము వచ్చెను గాని దానితో మాటలాడుటకు భాష రాలేదు.

ఈ కొఱతను కనిపెట్టినవారు సియాటిల్ నగరమువా రిద్దఱు మిత్రులు. పాల్ ఆలెను వయస్సు 22. హార్వర్డు విద్యాపీఠమున జదువుచున్న బిల్ గేట్సు వయస్సు 19. వీరికి గలిగినది కేవలము అదృష్ట మనుట సరికాదు. సియాటిల్‌లోని లేక్‌సైడ్ పాఠశాలలో 1968 నాటికే టెలిటైపు ద్వారా దూరపు కంప్యూటరును వాడు వసతి యుండగా, వీరు బాల్యముననే ఆ విద్య నభ్యసించిరి. వీథులలో బోవు బండ్లను లెక్కించు యంత్రమును ఇంటెల్ 8008 చిప్పుతో నిర్మింపబూనిరి. ఆ యంత్రము వారికి ధనము దేకపోయెను గాని, లేని చిప్పును పెద్ద కంప్యూటరులో అనుకరించు విద్యను నేర్పెను. ఆ విద్యయే ఇప్పు డక్కఱకు వచ్చెను. ఆల్టెయిర్ యంత్రమును కంట జూడకయే, హార్వర్డులోని పీడీపీ-10 యంత్రములో 8080 చిప్పు నడకను ఆలెను అనుకరించెను. దానిమీద గేట్సు భాషను వ్రాసెను. దశాంశ గణితభాగమును మోంటె డేవిడాఫ్ అను సహాధ్యాయి సమకూర్చెను.

వారు వ్రాసినది క్రొత్త భాష కాదు. బేసిక్ భాషను 1964లో డార్ట్‌మత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అను ఆచార్యు లిద్దఱు విద్యార్థులకొఱకు కల్పించిరి. అందఱకును సులభముగా నేర్వదగినది కావలెనని వారి సంకల్పము. గేట్సు, ఆలెనులు చేసినది దానిని నాలుగువేల బైట్లలో నిముడ్చుట. ఆ స్వల్పస్థలమున భాష యుండవలెను. వాడువాని ప్రోగ్రామునకు గూడ చోటు మిగులవలెను. 1975 మార్చిలో ఆలెను కాగితపు టేపును వెంటబెట్టుకొని విమానమున ఆల్బుకర్కీ చేరెను. యంత్రములోనికి టేపును చదివించు చిన్న ప్రోగ్రామును వ్రాయ మఱచితినని విమానములోనే గ్రహించి, అక్కడనే వ్రాసెను. మఱునాడు యంత్రము రెండును రెండును కూడి నాలుగని చెప్పెను. ఎన్నడును చూడని యంత్రమునకు వ్రాసిన భాష తొలిసారియే నడచుట వారి శ్రద్ధకు సాక్ష్యము. ఏప్రిల్ 4వ తేదీని మైక్రోసాఫ్టు పుట్టెను. దాని మొదటి పేరు పొదుపుగల మంచి పనితనము.

రెండవ పేరు ఇంత మధురమైనది కాదు. కాలిఫోర్నియాలో హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్బని యొక సంఘ ముండెను. తెలిసినది పదుగురికి బంచుటయే ఆ సంఘపు ధర్మము. యంత్రముల చిత్రములను, ప్రోగ్రాములను ఒకరి కొకరు ఉచితముగా నిచ్చుకొనెడివారు. 1975లో మిట్స్ వారు పాలోఆల్టోలో యంత్రమును ప్రదర్శించినప్పుడు బేసిక్ టేపొకటి సభ్యుల చేతబడెను. దానికి ప్రతులు పుట్టెను. ఆ ప్రతులకు మఱల ప్రతులు పుట్టెను. మిట్స్ వారికి ఆల్టెయిర్ యంత్రము లమ్ముడుపోవుచుండగా బేసిక్ మాత్రము తగినట్లు అమ్ముడుపోదాయెను. రచయితల కాదాయము ప్రతి యొక్కింటికి వచ్చు వాటా గనుక, ఈ నష్టము వారిని నేరుగా దాకెను.

1976 ఫిబ్రవరి 3వ తేదీని గేట్సు ఔత్సాహికుల నుద్దేశించి యొక బహిరంగలేఖ ప్రకటించెను. బేసిక్ వాడువారిలో కొన్నవారు పదింట నొకరికంటె తక్కువ యనియు, తమకు వచ్చిన ప్రతిఫలమును పని గంటలచే భాగించిన గంటకు రెండు డాలర్లైనను గిట్టదనియు, వాడిన కంప్యూటరు కాలము విలువ 40,000 డాలర్లకు మించుననియు అతడు చెప్పెను. చెల్లింపక వాడుట దొంగతనమే యని కటువుగా బలికెను. ఈ లేఖ దేశమందలి ఔత్సాహిక పత్రికలలో ముద్రితమయ్యెను. మైక్రోసాఫ్టు పేరు మొట్టమొదట పెక్కుర చెవి బడినది ఈ కలహమువలననే. వారి దృష్టిలో అది లోకము నేలబోవు కంపెనీ కాదు; పంచుకొని తినువారి పంక్తిలో వెల యడిగిన కుఱ్ఱవాడు.

ఈ వివాదమున మేము ఏ యొక్క పక్షముననో నిలిచి తీర్పు చెప్పజాలము. బుద్ధిశ్రమకు కూలి యక్కఱలేదను మాట మాకు సమ్మతము కాదు. వడ్రంగి చేసిన బల్లకు వెల యిచ్చి, పండితుడు వ్రాసిన గ్రంథమును ఊరక తీసికొనుట న్యాయమని యెవ్వరును సమర్థింపలేరు. కాని ప్రతిపక్షమువారి మాటలోను సత్యము గలదు. ఆ నలువదివేల డాలర్ల కంప్యూటరు కాలము విద్యాపీఠముది. దానికి ధనమిచ్చినది ప్రభుత్వము. భాష డార్ట్‌మత్ ఆచార్యులు లోకమున కుదారముగా విడిచినది. పదుగురి సొమ్ముమీద నిలిచి కట్టిన యింటికి తలుపు మాత్రము నాదే యనుట యెంతవఱకు తగునని వారడిగిరి. ఈ ప్రశ్న నేటికిని తీఱలేదు.

అయినను ఆ ఔత్సాహికులు నిందించి యూరకుండలేదు. మెచ్చదగిన దిదియే. పీపుల్స్ కంప్యూటర్ కంపెనీ అను సంఘమువారు టైనీ బేసిక్ అను చిన్నభాషకు ప్రణాళిక ప్రకటించి, ఎవరికి వారు వ్రాసికొనుడని పిలిచిరి. డాక్టర్ డాబ్స్ జర్నల్ అను పత్రిక 1976లో ఈ పనికొఱకే పుట్టెను. టామ్ పిట్‌మన్ అనునతడు తన టైనీ బేసిక్‌ను ఐదు డాలర్లకే యమ్మి, వెల న్యాయమైనచో జనులు కొందురని చూపెను. లీచెన్ వాంగ్ అనునతడు తాను వ్రాసినదానిని స్వేచ్ఛగా వాడుకొనుడని విడిచెను. తరువాత టాండీ కంపెనీవారి టీఆర్ఎస్-80 యంత్రము తొలి బేసిక్ ఈ వాంగు కృతినుండియే పుట్టినది. కాబట్టి ఉచితముగా నిచ్చిన విద్య వ్యర్థమైపోయెననుట చరిత్రకు విరుద్ధము.

ఇక మూడవ పేరు. మిట్స్ వారికి బేసిక్‌పై నేకాధికార ముండెను. 1977లో మిట్స్ మఱియొక కంపెనీ చేత బడినప్పుడు, ఇతరులకు భాష నమ్ముటనుగూర్చి వివాదము పుట్టి మధ్యవర్తికడకు బోయెను. తీర్పు మైక్రోసాఫ్టునకు అనుకూలమాయెను. అది మొదలు ఎవరు క్రొత్త యంత్రము నిర్మించినను బేసిక్ కొఱకు వీరికడకు వచ్చుట వాడుకయ్యెను. కమడోర్ వారి పెట్ యంత్రమునకు, ఆపిల్-2కు, టీఆర్ఎస్-80 రెండవ అంతస్తునకు, జపానులో ఎన్ఈసీ వారి పీసీ-8001కు వీరి బేసిక్కే మాటయయ్యెను. ఫోర్ట్రాన్, కోబాల్ భాషలను గూడ చిన్నయంత్రములకు దెచ్చిరి. 1979 జనవరిలో కంపెనీ తమ స్వరాష్ట్రమైన వాషింగ్టన్‌లోని బెల్వ్యూ పట్టణమునకు మరలినప్పుడు పనివా రింకను ఇరువదిమందికి లోపే. నాడు మైక్రోసాఫ్టు ఏమి చేయునని యంత్రకర్తల నడిగినచో, భాషలు చేయునని యుత్తరము వచ్చెడిది. ఇంటింట దాని పని యుండెను గాని దాని పేరు కొందఱికే తెలియును.

యంత్రము దినకార్యములను నడుపు ఆపరేటింగ్ సిస్టమున నాడు ప్రసిద్ధిగన్నవాడు గ్యారీ కిల్డాల్. మాంటెరేలోని నావికా విద్యాపీఠమున బోధించుచు 1974లో సీపీఎం అను వ్యవస్థను నిర్మించెను. అతని డిజిటల్ రిసెర్చ్ కంపెనీ ఆ రంగమున అగ్రస్థానమున నుండెను. మైక్రోసాఫ్టువారు 1980లో ఆపిల్-2 యంత్రమున జొనుపు సాఫ్ట్‌కార్డ్ అను పలక నమ్మినదియు ఆ యంత్రముమీద సీపీఎం నడుచుటకే. అనగా రాబోవు విజేత నాడు పరుల వ్యవస్థకు బండి కట్టి తన సరకు నమ్ముకొనుచుండెను.

1980లో ఐబీఎం వారు రహస్యముగా వ్యక్తిగత కంప్యూటరు నిర్మింపదలచి, బెల్వ్యూకు వచ్చినది భాషలకొఱకే. ఆపరేటింగ్ సిస్టము నడిగినప్పుడు గేట్సు వారిని కిల్డాల్‌కడకే పంపెను. సర్వమును ముందే పన్నినవా డట్లు పంపడు. అక్కడ రహస్యపు కాగితముమీద సంతకమునుగూర్చి చిక్కు కలిగెను, ఒప్పందము కుదరలేదు. విమానవిహారమునకు బోయి యదృష్టమును గాలికి విడిచెనని కిల్డాల్‌ను గూర్చి యొక కథ వ్యాపించియున్నది. ఆనాడతడు స్వయముగా విమానము నడుపుకొని పోయినది కంపెనీ పనిమీదనే; ఆ మధ్యాహ్నము తిరిగియు వచ్చెను. ఓడినవానిమీద నింత తేలికగా నవ్వుట చరిత్ర చేయు అన్యాయములలో నొకటి.

ఐబీఎం మఱల మైక్రోసాఫ్టు నాశ్రయించెను. సియాటిల్ కంప్యూటర్ ప్రాడక్ట్స్ అను చిన్న కంపెనీలో టిమ్ పాటర్సన్ 8086 చిప్పుకొఱకు 86-డాస్ అను వ్యవస్థను, సీపీఎం నకు దగ్గఱగా, వ్రాసియుండెను. మైక్రోసాఫ్టు దానికి మొదట 25,000 డాలర్లిచ్చి వాడు హక్కును, 1981 జులైలో 50,000 డాలర్లిచ్చి సంపూర్ణస్వామ్యమును బొందెను. తెర వెనుక ఐబీఎం ఉన్నదని అమ్మినవారికి జెప్పలేదు. ఆ కంపెనీకి డాస్‌పై మిగిలిన హక్కులనుగూర్చి తరువాత వ్యాజ్యము నడచి, 1986లో తొమ్మిదిలక్షల డాలర్లకు పైగా నిచ్చి రాజీపడవలసి వచ్చెను. 1981 ఆగస్టు 12వ తేదీని ఐబీఎం పీసీ వెలువడెను. డాస్ వెల 40 డాలర్లు. పిమ్మట వచ్చిన కిల్డాల్ సీపీఎం-86 వెల 240 డాలర్లు. జనులు దేనిని కొనిరో చెప్పనక్కఱలేదు. ఇతర యంత్రకర్తలకు సైతము డాస్‌ను అమ్ముకొను హక్కును గేట్సు తనకడనే యుంచుకొనెను. ఐబీఎం పోలికగల యంత్రములు వెల్లువగా వచ్చినప్పుడు ఆ యొక్క షరతే ధనప్రవాహమునకు తూము తెఱచెను. బేసిక్‌ను పదుగురు యంత్రకర్తల కమ్మిన యనుభవమే యీ షరతును నేర్పెనని మా యభిప్రాయము. భాషలమ్మువాని యలవాటు సామ్రాజ్యమునకు బునాదియైనది.

అయినను నాడే కిరీటము దక్కలేదు. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 ముందు మైక్రోసాఫ్టువారి మల్టీప్లాన్ వెలవెలబోయెను. 1984లో లోటస్ అమ్మకములు మైక్రోసాఫ్టు అమ్మకములను మించెను. వ్రాతపనికి వర్డ్‌పర్‌ఫెక్ట్, లెక్కల భాండారమునకు డీబేస్ అనువాని పేరులే వర్తకుల నోట నుండెను. 1983 నవంబరులో విండోసును ప్రకటించి, 1985 నవంబరునగాని యీయలేకపోయిరి. మాటయే గాని సరకు గానరాని యిట్టి వస్తువులకు ఆవిరిసరకని పత్రికలు పేరు పెట్టెను. విండోసు దాని కుదాహరణమాయెను. వచ్చిన పిమ్మటను అది మందకొడిదే యనిరి. 1990 మేలో మూడవ విండోసు వెలువడిన తరువాతగాని ఈ పరిహాసము మాయలేదు.

కావున తొలినాటి మైక్రోసాఫ్టు పేరు ఒకటి కాదు. నేర్పరి పనివాడు, వెల పట్టుబట్టువాడు, భాషలమ్మువాడు, చెప్పిన గడువునకు దేనివాడు: ఈ నాలుగు పేరులును నాడు సత్యములే. సర్వజ్ఞు డను పేరుగాని, కేవల వంచకు డను పేరుగాని నాడు లేవు. అవి గెలుపు పిమ్మట అంటించినవి.

ఈ విచారణ మనకేల యని చదువరు లడుగవచ్చును. ఆ కంపెనీ 1998లో హైదరాబాదున తన అభివృద్ధి కేంద్రమును స్థాపించినది. హైదరాబాదున బుట్టిన సత్య నాదెళ్ల 2014లో దాని కధిపతియయ్యెను. తెలుగుబిడ్డలు వేలకొలదిగా నీ వృత్తిలో నున్నారు. గెలిచినవాని కథనే గుణమునకు గొలతగా వారికి బోధించినచో, వారు డార్ట్‌మత్ ఆచార్యుల యౌదార్యమును, పాటర్సన్ శ్రమను, కిల్డాల్ ప్రతిభను, ఐదు డాలర్ల టైనీ బేసిక్‌ను మఱతురు. ఏ గెలుపును ఒక్కని బుద్ధిచే గట్టబడలేదని తెలిసిన యువకుడే తన పాలు కోరుటకును, పరుల పాలు గుర్తించుటకును అర్హుడు.

కాలమే యొక చిత్రమైన తీర్పు చెప్పినది. ప్రతి చేసినచో దొంగతనమని నాడు కోపించిన కంపెనీయే 2020లో తన జీడబ్ల్యూ-బేసిక్ మూలమును లోకమునకు విప్పి యిచ్చెను. 2025లో, ఏబదియేండ్లు నిండిన సందర్భమున, గేట్సే ఆల్టెయిర్ బేసిక్ మూలపాఠమును ప్రకటించి అందఱను చదువుకొనుడనెను. ఆ విద్యకు వెల యుండవలసిన కాలము గలదు. వెల తీఱి పదుగురి సొత్తు కావలసిన కాలమును గలదు. ఆ రెండు కాలముల మధ్య నెంతదూర ముండవలెనో నిర్ణయించుటయే న్యాయము. అది ఏబదియేండ్లు కానక్కఱలేదని మా విశ్వాసము.