సికింద్రాబాద్ రమ్మీ, డర్హమ్ పోకర్

శనివారం రాత్రి మోరిస్‌విల్‌లో ముక్కలు పంచేవాళ్లకి ఈ ఎపిసోడ్. మనది పదమూడు ముక్కలాట. ఇక్కడివాళ్ల పోకర్‌లో చేతికి రెండు, బల్లమీద ఐదు. మొత్తంలోంచి మంచి ఐదు ఏరుకోవాలి, మధ్యమధ్యలో పందెం పెంచాలి.

1963లో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్‌ మీద పోలీసులు దాడి చేశారు. పందెం పెట్టి రమ్మీ ఆడుతున్నారని కేసు. అది సుప్రీంకోర్టు దాకా పోయింది. 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా తీర్పు చెప్పారు: పడిన ముక్కలు గుర్తుండాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి రమ్మీలో నేర్పుదే పైచేయి. మూడు ముక్కలాట మాత్రం వట్టి అదృష్టమేనట. (ఈ తేడా మన ఇళ్లలో అమ్మలు ఒప్పుకోరు లెండి.) ఆ తీర్పుకీ ఇంటిదగ్గర ఇప్పుడు అంత బలం లేదు, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి.

ఇక మన పక్కనున్న డర్హమ్. అక్కడ పోకర్ క్లబ్ పెడదామని జోకర్ క్లబ్ అనే సంస్థ కోర్టుకెళ్లింది. 2007లో నార్త్ కరొలైనా అప్పీళ్ల కోర్టు ఒప్పుకోలేదు. ఎంత నేర్పున్నా వచ్చే ముక్కలు మన చేతిలో లేవు కదా, పోకర్ అదృష్టపు ఆటే అంది. అలాంటి ఆటకి డబ్బు కాస్తే ఈ రాష్ట్రంలో నేరం. చిన్న నేరమే, కానీ వీసా ఫారంలో ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా’ అన్న ప్రశ్న చిన్నా పెద్దా చూడదు.