రాతి మీద పాఠం, రాతి మీద పేరు: హాన్ చైనాలోనూ కృష్ణా డెల్టాలోనూ పండితుల పోషణ

క్రీ.శ. 175లో హాన్ రాజధాని లొయాంగ్‌లో కన్ఫ్యూషియన్ గ్రంథాలను రాతి పలకల మీద చెక్కించడం మొదలుపెట్టారు. పరీక్షల్లో నెగ్గడానికి కొందరు లంచాలిచ్చి అధికార ప్రతులనే దిద్దిస్తున్నారని అప్పటికే గగ్గోలుగా ఉంది. త్సాయ్ యోంగ్ వంటి పండితులు పట్టుబట్టడంతో చక్రవర్తి ఒప్పుకున్నాడు. పలకలను విద్యాపీఠం ద్వారం దగ్గర నిలిపారు. చూసి రాసుకోవడానికి వచ్చేవాళ్ళ బళ్ళు రోజుకు వెయ్యికి పైగా వీధుల్లో కిక్కిరిసేవని ఆ వంశ చరిత్ర చెబుతుంది.

ఇంచుమించు ఆ శతాబ్దంలోనే అమరావతి మహాచైత్యానికీ రాళ్ళు చెక్కారు. అయితే వాటి మీది అక్షరాలు శాస్త్రపాఠాలు కావు. దాతల పేర్లు. పూర్ణఘటం చెక్కిన ఒక పలకను విధికుడనే చర్మకారుడు తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి సమర్పించాడు. తండ్రి పేరు నాగుడు, ఉపాధ్యాయుడు. తోలుపనీ చదువు చెప్పడమూ ఒకే ఇంట్లో! మన సామాజిక చరిత్రకారులు ఈ చిన్న శాసనం మీద ఇంకా ఎక్కువసేపు ఆగాల్సింది.

లొయాంగ్ రాయి విద్యను దాచింది, అమరావతి రాయి విద్యకు అన్నం పెట్టినవాళ్ళ పేర్లను దాచింది. తేడా పోషణలో ఉంది. క్రీ.పూ. 124లో హాన్ చక్రవర్తి వూ రాజాస్థాన ఆచార్యుల దగ్గర 50 మంది శిష్యులను పెట్టి, వాళ్ళకు వెట్టిచాకిరీ మినహాయించాడు. ఏడాదికోసారి పరీక్ష, నెగ్గితే కొలువు. తర్వాతి హాన్ కాలానికి విద్యార్థులు 30,000 దాటారని చెబుతారు. కొలువు ఇచ్చిన చెయ్యే 166, 169లలో నపుంసక మంత్రాంగాన్ని విమర్శించిన పండితులను నిషేధించింది, కొందరిని చంపించింది కూడా.

డెల్టా భిక్షువులకు వర్తకులూ వృత్తిపనివాళ్ళూ ఆడవాళ్ళూ ఆధారం. 3వ శతాబ్దపు నాగార్జునకొండ శాసనంలో ఉపాసిక బోధిశ్రీ తన దానాలు ఏకరువు పెడుతూ కంటకశైల, అంటే ఘంటసాల, మహాచైత్యం తూర్పు వాకిట రాతి మండపం కట్టించినట్టు చెప్పుకుంది. అందులోనే సింహళ ఆచార్యులు ధర్మం నిలిపిన దేశాల జాబితాలో చీనా పేరూ ఉంది. దాన్ని ప్రయాణాల చిట్టాగా కాక, కీర్తి చాటుకునే జాబితాగా చదవడమే క్షేమం. వినయధరులు, ధర్మకథికులు అన్న బిరుదులు శాసనాల్లో కనిపిస్తాయి. వాళ్ళు ఏం వాదించుకున్నారో కనిపించదు.

ఆ లోటు కొంత తీర్చింది చైనా నుంచి వచ్చిన మనిషే. హ్యుయాన్‌త్సాంగ్ పండిత కుటుంబంలో పుట్టి, రాజాజ్ఞ లేకుండానే దేశం దాటి, 640 ప్రాంతంలో డెల్టాలోని ధాన్యకటకం చేరాడు. చాలా విహారాలు పాడుబడగా 20 దాకా మాత్రం నడుస్తున్నాయనీ, వెయ్యి మంది భిక్షువులున్నారనీ రాశాడు. ఆయన చెప్పిన పూర్వశైల, అపరశైల విహారాలు బెజవాడ కొండల మీదివేనని చరిత్రకారుడు ఫెర్గుసన్ వాదించాడు. బెజవాడ వాళ్ళకు నచ్చే మాటే గానీ, నేటి పండితుల మొగ్గు ధరణికోట, అమరావతి వైపే. ధాన్యకటకంలో హ్యుయాన్‌త్సాంగ్ కొన్ని నెలలు సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువుల దగ్గర మహాసాంఘికుల అభిధర్మం చదివాడు. వాళ్ళు ఆయన దగ్గర మహాయాన శాస్త్రాలు చదివారు. పరీక్ష లేదు, కొలువు లేదు, గురుశిష్యుల స్థానాలు మాత్రం రోజూ మారాయి.

ధాన్యకటకంతో ముడిపడిన బౌద్ధ పండితుడు భావవివేకుడి కథను కూడా హ్యుయాన్‌త్సాంగే రాసిపెట్టాడు. పైకి సాంఖ్యుల వేషం, లోపల నాగార్జునుడి మతం. బౌద్ధ ఆచార్యుడు ధర్మపాలుడితో వాదించాలని మగధ దాకా వెళ్తే, బతుకే మాయ, వాదానికి తీరిక ఎక్కడిదని ఆయన ఒప్పుకోలేదట. ధాన్యకటకానికి తిరిగొచ్చిన భావవివేకుడు మంత్రించిన ఆవాలతో కొండరాయిని తెరిచి, మైత్రేయుడి కోసం లోపలికి వెళ్ళాడు. వెంట నడిచింది ఆరుగురే. అద్భుతం సంగతి అలా ఉంచితే, మనసులోని సందేహం తీర్చే ప్రతివాది దొరకని పండితుడి ఒంటరితనం ఈ కథలో ఉంది. భావవివేకుడి గ్రంథం ‘కరతలరత్నం’ను హ్యుయాన్‌త్సాంగ్ 649లో చైనా భాషలోకి తెచ్చాడు. సంస్కృత మూలం ఇక్కడ పోయింది. చైనా పాఠం ఆధారంగా ఎన్. అయ్యస్వామి శాస్త్రి దాన్ని మళ్ళీ సంస్కృతంలో కూర్చి 1949లో ప్రచురించారు.