ఖాళీ జాగా మీద తీరని బాకీ

బడికోసమో, ఆస్పత్రికోసమో, సత్రంకోసమో కేటాయించిన స్థలం ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంటుంది. ముళ్లకంప పెరుగుతుంది, చుట్టుపక్కల వాళ్లు చెత్త పోస్తారు. ఒకనాడు ఆ స్థలాన్ని సంస్థల వాడకం నుంచి తప్పించి ఆఫీసుల వాడకంలోకి మార్చమని దరఖాస్తు పడుతుంది. అక్కణ్ణుంచి మాటలన్నీ రాబోయే కట్టడం గురించే సాగుతాయి: ఎన్ని అంతస్తులు లేస్తాయి, ఎందరికి పని దొరుకుతుంది, బండ్లు ఎక్కడ నిలుపుతారు, పన్ను ఎంత వస్తుంది. ఆ జాగాను ఎవరు విడిచిపెట్టారు, ఎవరికోసం విడిచిపెట్టారు అని అడిగేవాళ్లు అరుదు. తమిళనాడు దక్షిణాన సాత్తూరు, కోవిల్‌పట్టి, శంకరన్‌కోవిల్ పట్టణాల నడుమ ఉన్న ఏళాయిరంపన్నై ప్రాంతపు భూమి చరిత్ర చదివితే మొదట అడగవలసింది అదేనని తెలుస్తుంది. ఒక పనికని విడిచిన స్థలం ఖాళీగా ఉన్నా దానిమీద ఒక బాకీ ఉంటుంది. ఇచ్చినవాళ్లకు మాట బాకీ, రావలసినవాళ్లకు చోటు బాకీ. ఆ బాకీ సంగతి తేల్చకుండా స్థలం పేరు మార్చడం న్యాయం కాదన్నది ఈ వ్యాసం వాదన.

ఏళాయిరంపన్నై ఒకప్పుడు పాళెం. మదుర నాయకరాజుల కాలంలో, 16వ శతాబ్దంలో రూపుకట్టిన పాళెగాళ్ల వ్యవస్థలోది. ఇక్కడి పాళెగాళ్లు మరవర్లు. చుట్టుపక్కల ఎట్టయపురం, పాంచాలంకురిచ్చి పాళెగాళ్లు తెలుగు మాట్లాడే రాజకంబళ నాయకర్లు. 1799లో కుంఫిణీని (ఈస్టిండియా కంపెనీని) ఎదిరించిన పాంచాలంకురిచ్చి పాళెగాడు వీరపాండ్య కట్టబొమ్మన్ పక్షాన నిలిచినందుకు, అతని పాళెంతో పాటు ఏళాయిరంపన్నై, నాగలాపురం, కోలార్‌పట్టి, కాడల్‌గుడి, కుళత్తూరు పాళేలను కుంఫిణీ జప్తు చేసింది. కుంఫిణీ సేనాని మేజర్ బానర్‌మన్ హుకుం మీద కోటలు కూలగొట్టారు, ఆయుధాలు లాక్కున్నారు. ఆ అక్టోబరులోనే కట్టబొమ్మన్‌ను కయత్తారులో ఉరితీశారు. 1803లో మిగిలిన పాళేలకు శాశ్వత శిస్తు కట్టి జమీందారీలు చేశారు. ఈ కథను వీరగాథగా చెప్పుకోవడం మనకు అలవాటు, అందులో తప్పులేదు. భూమి వైపు నుంచి చూస్తే మాత్రం ఇది ఒక ప్రాంతం మొత్తానికి జరిగిన హోదా మార్పు. అంతవరకూ కోటతో, కావలితో, గుడితో ముడిపడిన నేలలు ఒక్క దెబ్బతో కలెక్టరు లెక్కల్లోకి వచ్చిపడ్డాయి. ఆ నేలల మీద ఎవరెవరికి ఏమేమి హక్కులున్నాయో ఊరివాళ్లను కూర్చోబెట్టి అడిగే అవకాశం యుద్ధం ముగిసిన ఆ క్షణంలో ఎవరికీ లేకపోయింది. పైనుంచి మార్చడం అనే అలవాటు ఇక్కడ అలా మొదలైంది.

ఆ రాజకీయాల కింద ఊళ్లకు తమవైన ఏర్పాట్లు ఉండేవి. ఈ నల్లరేగడి సీమలో కమ్మవారు, రెడ్లు, రాజకంబళ నాయకర్లు తరతరాలుగా తెలుగు మాట్లాడుతూ సేద్యం చేస్తున్నారు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో అలాంటి తెలుగు కుటుంబంలోనే పుట్టిన కి. రాజనారాయణన్, దక్షిణానికి వలస వచ్చిన తెలుగువాళ్లు అడవి కొట్టి ఊరు కట్టుకున్న కథను ‘గోపల్ల గ్రామం’ నవలగా తమిళంలో రాశారు. వానమీదే బతికే మెట్టనేలలో ఊరు నిలవాలంటే ఎవరి పొలం వాళ్లకు ఉంటే చాలదు. పశువులు నిలిచే మందబయలు, పంట నూర్చే కళ్లం, తాగునీటి ఊరణి, శిస్తు లెక్కలకూ తగవులకూ చావడి, బాటసారికి సత్రం కావాలి. ఇవేవీ మిగులు జాగాలు కావు. పత్తో, జొన్నో పండే నేలను పండించకుండా విడిచిపెడితేనే అవి ఏర్పడతాయి. ధర్మకార్యాలకు ఇచ్చిన ఇనాముల సంగతీ అంతే. 1858లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఇనాం కమిషన్ వేసి, ప్రతి ఇనాం ఎందుకు ఇచ్చారో, ఆ పని ఇంకా జరుగుతోందో లేదో విచారించారు. ధర్మసంస్థలకు ఇచ్చిన ఇనాములను, ఆ ధర్మం నడుస్తున్నంతకాలం అన్న షరతుతో ఖాయం చేశారు. పరాయి ప్రభుత్వం, అదీ ఆదాయం పెంచుకోవడానికి వచ్చిన ప్రభుత్వం, నేలకూ అది ఇచ్చిన పనికీ మధ్య బంధం ఉందని కాగితం మీద ఒప్పుకోక తప్పలేదు.

ఈ రోజు మనం భూవినియోగ మార్పు అంటున్నదానికి నేరుగా పూర్వరూపం ఒకటి జమీందారీ చట్టంలో ఉంది. 1908 మద్రాసు ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం ఇటు తిరునెల్వేలి జమీందారీ గ్రామాలకూ, అటు ఉత్తర సర్కారుల జమీందారీ గ్రామాలకూ వర్తించింది. కళ్లాలు, మందబయళ్లు, శ్మశానాలు వంటి ఊరుమ్మడి జాగాలను అది రైతుల సాగుభూమి నుంచి వేరుచేసి చూసింది. తర్వాత చేర్చిన 20-ఏ సెక్షన్, అలాంటి జాగా మొదటి పనికి ఇక అక్కర్లేదని ప్రకటించే అధికారం కలెక్టరుకు ఇచ్చింది. ఆ సెక్షన్ నడక గమనించదగ్గది. మొదట, పాత పనికి ఇక అవసరం లేదని తేలాలి. తేలాక, దాన్ని ఊరికి పనికొచ్చే మరో ఉమ్మడి అవసరానికి మళ్లించవచ్చు. అలా మళ్లించనప్పుడే అది సాగుభూమిగా మారుతుంది. జమీందారుకూ రైతులకూ వాడుకగా వస్తున్న హక్కులను ఈ విచారణలో లెక్కలోకి తీసుకోవాలి. అంటే జమీందారీ కాలపు చట్టానికే ఒక వరస తెలుసు: ఉమ్మడి జాగా ముందు మరో ఉమ్మడి పనిని వెతుక్కోవాలి, సొంత వాడకం ఆ తర్వాతే. నేటి దరఖాస్తుల్లో ఆ మధ్య మెట్టు కనిపించదు. బడి స్థలం బడికి అక్కర్లేదనగానే నేరుగా ఆఫీసుకు పోతుంది. గ్రంథాలయం, అంగన్‌వాడీ, వైద్యశాల వంటివి ఎవరి ఆలోచనలోకీ రావు.

1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చింది. ఎస్టేటులోని ఉమ్మడి జాగాలు, పోరంబోకులు, బంజర్లు అన్నీ అందులోని 3వ సెక్షన్ కింద ప్రభుత్వపరమయ్యాయి. జమీందారు పెత్తనం పోవడం రైతుకు పెద్ద మేలు, సందేహం లేదు. అయితే ఊరుమ్మడి జాగా కూడా అదే కలంపోటుతో ప్రభుత్వ జాగా అయింది. అక్కడి నుంచి ఆ జాగా చరిత్ర అంతా రెవెన్యూ రికార్డులో ఒక అడ్డవరసలోకి కుదించుకుపోయింది. తమిళనాడు గ్రామాల ‘ఏ’ రిజిస్టరు తెరిస్తే ఈ సంగతి కళ్లకు కడుతుంది. సర్వే నంబరు, పాత నంబరు, ప్రభుత్వానిదా రైతుదా, మెట్టా మాగాణా, విస్తీర్ణం, తీరువ, పట్టాదారు పేరు. పోరంబోకు అయితే పట్టాదారు గడిలో పేరుండదు. చిట్టచివర రిమార్కుల గడిలో చావడి, మంద, కళ్లం, బడి అని ఒక్క మాట ఉంటుంది. మాస్టర్ ప్లాన్ లేని పల్లెలో ఆ ఒక్క మాటే జోనింగ్. ఎవరు విడిచిపెట్టారో, ఏ షరతు మీద విడిచిపెట్టారో ఆ గడిలో పట్టదు. అందుకే ఆ మాట కొట్టేసి మరో మాట రాయడం అంత తేలికగా కనిపిస్తుంది.

ప్రభుత్వం చేతుల్లోకి వెళ్లని ఉమ్మడి స్థలాల చరిత్ర మరో పాఠం చెబుతుంది. విరుదునగర్, సాత్తూరు, శివకాశి, అరుప్పుక్కోట్టై వంటి ఊళ్లలో నాడార్ వర్తకులు పేటలు కట్టుకుని, అమ్మిన సరుకు మీద ‘మహమై’ పేరుతో తలా కొంత ఉమ్మడి నిధికి జమచేశారు. బావులు, సత్రాలు, గుళ్లు, బళ్లు ఆ నిధితో లేచాయి. విరుదునగర్‌లో 1889లో మొదలైన క్షత్రియ విద్యాశాల అలాంటిదే. కామరాజ్ చదువుకున్న బడి. ఇంటింటికీ తిరిగి పిడికెడు బియ్యం పోగుచేసి, వాటిని అమ్మిన డబ్బును ఆ బడికి ఖర్చుపెట్టేవారు. ఆ బియ్యం పోసిన ఇల్లాలికి ఆ స్థలం మీద పట్టా లేదు, ఏ రిజిస్టరులోనూ ఆమె పేరు లేదు. కానీ ఆ బడి నిలిచిన నేలలో ఆమె భాగం ఉంది. సంస్థల స్థలమంటే ఇదే: డబ్బు పెట్టినవాళ్ల సంఖ్య పెద్దది, ఒక్కొక్కరి భాగం చిన్నది, అది దేనికని ఇచ్చారన్నది స్పష్టం. ఇలాంటి స్థలం చేతులు మారితే చట్టం ధర్మకర్తల సంతకం చూస్తుంది, బియ్యం పోసినవాళ్లను లెక్కించదు.

ఈ వాదనకు గట్టి అభ్యంతరమే ఉంది. ఊరుమ్మడి అన్న మాట అందమైనదే కానీ, ఆ ఊరుమ్మడిలోకి ఎందరికి ప్రవేశం ఉండేది? దళితులు ఊరి బావిలో నీళ్లు తోడుకోలేకపోయారు, చావడి అరుగు ఎక్కలేకపోయారు. నాడార్లు సైతం సొంత సంస్థలు కట్టుకోవడానికి ఒక కారణం, గుళ్లలోకి వాళ్లను రానివ్వకపోవడమే. 1897లో కముది గుడిలో ప్రవేశించినందుకు వారిమీద నడిచిన వ్యాజ్యం ప్రీవీ కౌన్సిల్ దాకా పోయి వారికి వ్యతిరేకంగానే తేలింది. ఆ గొడవలే 1899లో శివకాశి అల్లర్ల దాకా వెళ్లాయి. అలాంటి పాత ఉమ్మడిని కాపాడమని ఎందుకు అడగాలి? ఈ ప్రశ్న నిజాయితీ గలది, జవాబూ చరిత్రలోనే ఉంది. 1924లో దళిత నాయకుడు రెట్టమలై శ్రీనివాసన్ మద్రాసు శాసనమండలిలో తీర్మానం పెట్టి, బాటలు, బావులు, చెరువులు, ప్రజలు కూడే చోట్లన్నీ కులభేదం లేకుండా అందరివని ప్రకటింపజేశారు. అది సాధ్యపడింది అవి ఉమ్మడివి కనకే. సొంత ఆస్తి గేటు తెరవమని ఏ తీర్మానమూ అడగలేదు. నిన్నటిదాకా బయట నిలబడ్డవాళ్లు లోపలికి వచ్చే హక్కు గెలిచాక ఆ లోపలినే అమ్మేస్తే, ఆ గెలుపు వట్టిపోతుంది. పాత ఉమ్మడి కొందరిదే కాబట్టి, ఇప్పుడు అందరిదైన దాన్ని మరింత జాగ్రత్తగా చూసుకోవాలి.

రెండో అభ్యంతరం రోజూ వినేదే: పనికిరాకుండా పడున్న నేలను ఎన్నాళ్లు అలా ఉంచుతారు? అగ్గిపెట్టెల పని, బాణసంచా పని తప్ప వేరే జీవనాధారం కరువైన ఈ ప్రాంతంలో నాలుగు ఆఫీసులు వస్తే చదువుకున్న పిల్లలు ఊరు వదలక్కర్లేదు కదా. ఈ మాటలో బరువుంది. ప్రమాదంతో కూడిన పనిలో తరాలు గడిపిన కుటుంబాలు బల్లముందు కూర్చుని చేసే ఉద్యోగం కోరుకోవడం న్యాయం. అయితే రెండు రకాల స్థలాలను కలగలపకూడదు. ప్రైవేటు ఆసామి నేలమీద ప్లాను గీసి, ఇది బడికి అని రాసి, పరిహారం ఇచ్చి తీసుకోకుండా ఏళ్లపాటు నాన్చడం అన్యాయమే. తమిళనాడు నగర, గ్రామ ప్రణాళికా చట్టం (1971) 38వ సెక్షన్ దానికి విరుగుడు చూపింది: మూడేళ్లలో సేకరణ మొదలుకాకపోతే ఆ కేటాయింపు రద్దయినట్టే. అలాంటి ఆసామి ఆఫీసు కట్టుకుంటానంటే అడ్డుకోవలసిన పని లేదు. దానంగా వచ్చిన స్థలం, లేఅవుట్ అనుమతికి బదులుగా అప్పగించిన స్థలం, ఊరు విడిచిపెట్టిన పోరంబోకు వేరు. వాటి ధర అప్పుడే ఎవరో చెల్లించారు. లేఅవుట్‌లో ఇల్లు కొన్న ప్రతి కుటుంబమూ ఆ ఉమ్మడి జాగా ఖరీదును తన గజం రేటులో కలిపి కట్టింది. దాన్ని మళ్లీ అమ్మితే ఒకే వస్తువును రెండుసార్లు అమ్మినట్టు. ఇక ఆఫీసులు రావడానికి రోడ్డు పక్కన వ్యాపార స్థలాలున్నాయి. బడి పక్కన మరో బడికి చోటు మాత్రం ఒకసారి పోతే తిరిగి కొనలేం.

మూడో అభ్యంతరం చరిత్ర తెలిసినవాళ్లు వేసేది. చావడి మాత్రం ఆఫీసు కాదా? కరణం అక్కడే కూర్చుని శిస్తు వసూలు చేశాడు, తగవులూ అక్కడే తీర్చారు. ఆఫీసునూ సంస్థనూ విడదీసి గీతలు గీసింది 1920 మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టం తర్వాతి కాలమే కదా. నిజమే. కానీ చావడిలో లెక్కలు ముగిశాక అరుగు మిగిలేది. బాటసారి పడుకునేవాడు, ఎండకు తాళలేని ముసలివాళ్లు చేరేవాళ్లు, పనిలేనివాళ్లూ కూర్చునేవాళ్లు. అక్కడికి రావడానికి పని ఉండనక్కర్లేదు. ఆఫీసుకూ సంస్థకూ అసలు తేడా అక్కడుంది. బడికి, ఆస్పత్రికి, గ్రంథాలయానికి మనిషి తన అవసరమే అర్హతగా వెళతాడు. ఆఫీసుకు పనిచేసేవాళ్లు, పని పడినవాళ్లు మాత్రమే వెళతారు, మిగతావాళ్లను కాపలాదారు ఆపుతాడు. తాలూకా ఆఫీసో, సహకార సంఘమో వచ్చి ముందు భాగాన్ని ఊరికి తెరిచి ఉంచితే చావడి సంప్రదాయం కొనసాగినట్టే. అద్దెకిచ్చే గదుల సముదాయం వస్తే ఆ సంప్రదాయం పేరు వాడుకునే హక్కు దానికి లేదు.

న్యాయస్థానాలూ ఈ దారిలోనే నడిచాయి. బెంగళూరు రాజ్‌మహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకు విడిచిన స్థలాన్ని ముఖ్యమంత్రి ఆదేశం మీద ఒక ప్రైవేటు వైద్య ట్రస్టుకు ఆస్పత్రి కట్టడానికి ఇచ్చారు. అక్కడి నివాసులు కోర్టుకెక్కితే ఆ కేటాయింపును కొట్టేసిన హైకోర్టు తీర్పును 1991లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆస్పత్రి మంచిదే అయినా, అందరికీ తెరిచి ఉంచిన చోటును ఒకరి యాజమాన్యంలోకి అలా మళ్లించడం చెల్లదని, ఆ వాడలో ఉండేవాళ్లకు దాన్ని ప్రశ్నించే హక్కు ఉందని తేల్చింది. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో గ్రామాల ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించేందుకు పథకాలు వేయమని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది.

కనుక సంస్థల స్థలాన్ని ఎప్పటికీ ముట్టుకోకూడదని ఎవరూ అనడం లేదు. పిల్లలు తగ్గి బడులు మూతపడుతున్న ఊళ్లున్నాయి, ఊళ్ల అవసరాలు మారతాయి. మార్చే ముందు మూడు పనులు జరగాలి. ఆ స్థలం ఎలా వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో రికార్డు తీసి గ్రామసభలో చదివి వినిపించాలి. ఎవరూ చదవని పత్రికా ప్రకటన ఒక్కటే చాలదు. మొదటి పనికి అక్కర్లేదని తేలితే, 20-ఏ సెక్షన్ నేర్పిన వరసలో ముందుగా మరో ఉమ్మడి పనికి దాన్ని చూపాలి. అదీ కుదరక ఆఫీసుకే ఇవ్వవలసి వస్తే, అంతే విలువైన జాగాను అదే ఊళ్లో, నడిచి వెళ్లగలిగే దూరంలో, ముందే తెరవాలి. ఇందులో అభివృద్ధిని ఆపేది ఏదీ లేదు, ఊరికి తన ఆస్తి లెక్క తనకు చెప్పడం మాత్రమే ఉంది. 1799లో తోటి పాళేలతో పాటు ఏళాయిరంపన్నై నేల హోదా మారినప్పుడు అడిగే నోరు ఊరికి లేదు. ఇప్పుడు గ్రామసభ ఉంది, చట్టం ఉంది, కోర్టు మాట ఉంది. అయినా అడగకపోతే, ఆ తప్పును కుంఫిణీ మీద తోసే వీలు మనకు ఉండదు.