పంచదార పడకముందు తాండ్ర

జామ్‌కి తెలుగులో పేరు లేదు. మురబ్బా అందామంటే అది పాకంలో ఊరిన ముక్కల సంగతి, పైగా ఆ మాటా మనది కాదు. పేరు లేదంటే ఆ అవసరం మనకి లేదనే అర్థమా? కాదు. వేసవిలో ఒక్కసారిగా ముగ్గి కుళ్లిపోయే పండుని ఏడాదంతా ఎలా దాచుకోవాలన్న ప్రశ్న మన ఊళ్లలోనూ ఉంది. శృంగవరపుకోట చుట్టుపక్కల దానికి దొరికిన జవాబు సీసాలో పట్టేది కాదు, చాప మీద పరిచేది.

ఎస్.కోట పక్కన లక్కవరపుకోట మండలంలో భీమాలి అని ఒక ఊరుంది. మామిడి తాండ్రకి పేరు. గోదావరి జిల్లాల వాళ్లు ఆత్రేయపురం అంటారు, ఉత్తరాంధ్రలో మాత్రం భీమాలే. పని చెప్పుకోవడానికి చాలా తేలిక. బాగా ముగ్గిన రసపు పళ్లు పిండి, పీచు తీసి, రసాన్ని చాపల మీద పల్చగా పరుస్తారు. ఎండాక దాని మీద ఇంకో పూత. అలా పూత మీద పూత, కావలసిన మందం వచ్చేదాకా. తర్వాత కోసి అమ్ముతారు. చెప్పడానికి నాలుగు వాక్యాలే గానీ, చెయ్యడానికి మే నెల ఎండంతా కావాలి. ఎవరో ఒకరు రోజంతా ఆకాశం వైపు ఒక కన్నేసి ఉంచాలి కూడా.

ఇది ఎంత పాతది? పదహారో శతాబ్దపు వైద్యగ్రంథం ‘భావప్రకాశం’లో భావమిశ్రుడు దీన్ని ‘ఆమ్రావర్తం’ అన్నాడు. పండిన మామిడి రసాన్ని గుడ్డ మీద పరిచి, ఎండబెట్టి, మళ్లీ మళ్లీ రసం పోస్తే వచ్చేది అని నిర్వచనం. దాహం తగ్గిస్తుందనీ, రుచి పుట్టిస్తుందనీ గుణాలు చెప్పి, సూర్యకిరణాలతో పాకమైంది కాబట్టి తేలికగా అరుగుతుందన్నాడు. ఈ మాట దగ్గర నాకు ఆగాలనిపిస్తుంది. ఆయన లెక్కలో ఎండబెట్టడం కూడా వంటే. ఆ నిర్వచనంలో చక్కెర ఊసు ఎక్కడా లేదు. బెంగాలీల ఆమ్‌సత్తో, ఉత్తరాది వాళ్ల ఆమ్ పాపడ్ ఈ కుటుంబంలోవే. మనకి తాటిపండు గుజ్జుతో చేసే తాటి తాండ్ర కూడా ఉంది. దాని చిరుచేదు అందరికీ నచ్చదు, అది వేరే విషయం.

ఇక జామ్ సంగతి. అది యూరప్ ప్రాచీన సంప్రదాయం అనుకుంటాం గానీ, సామాన్యుల ఇంటికి వచ్చింది చాలా ఆలస్యంగా. పంచదార ఖరీదుగా ఉన్నన్నాళ్లూ అది కలిగినవాళ్ల వస్తువే. బ్రిటన్‌లో 1874లో చక్కెర మీద సుంకం ఎత్తేశాక జామ్ ఫ్యాక్టరీలు పెరిగి, కూలివాళ్ల రొట్టె మీదకి జామ్ చేరింది. ఆ చక్కెర వెనక కరీబియన్ తోటలున్నాయి, బానిసత్వం ఉంది. బానిసత్వం రద్దయ్యాక మన తీరం నుంచి ఓడలెక్కి మారిషస్ చెరకు తోటలకి పోయిన కూలీలున్నారు. రెండో ప్రపంచయుద్ధంలో మొదలై, 1940 జనవరి నుంచి 1953 సెప్టెంబరు దాకా, బ్రిటన్‌లో చక్కెర రేషన్‌లో ఉండేది. ఇళ్లలో జామ్ కాయాలంటే చక్కెర కోసం ప్రభుత్వాన్నే అడగాల్సి వచ్చింది. అసలు చక్కెర లేని చోట జనం ఏం చేశారంటే, పోలండ్‌లో రేగుపండు లాంటి ప్లమ్ పళ్లని గంటల తరబడి ఉడికించి ‘పొవిద్వా’ చేసుకున్నారు. వాళ్లకి పొయ్యి, మనకి ఎండ.

రెండింటి రహస్యమూ ఒకటే, నీళ్లు. బూజుకి, బ్యాక్టీరియాకి బతకడానికి నీళ్లు కావాలి. జామ్‌లో నీళ్లు ఉంటాయి గానీ పంచదార వాటిని పట్టేసుకుని క్రిములకి దక్కనివ్వదు. తాండ్రలో నీళ్లనే ఎగరగొట్టేస్తాం. అందుకే జామ్‌లో పంచదార తీపి కోసమే కాదు, కాపలా కోసం కూడా. దాన్ని తగ్గిస్తే కాపలా తగ్గినట్టే. మన దేశంలో 2011 నాటి ఆహార ప్రమాణాల ప్రకారం జామ్ అని పేరు పెట్టాలంటే అందులో కరిగిన ఘనపదార్థం, అంటే ప్రధానంగా చక్కెరే, 65 శాతానికి తగ్గకూడదు. ఇంట్లో పంచదార లేకుండా మామిడి గుజ్జుని నిమ్మరసంతో దగ్గరికి ఉడికించుకోవచ్చు, బాగుంటుంది కూడా. కానీ ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా తినేయాలి. అటక మీద పెట్టే సరుకు కాదది.

మరి తాండ్రలోకి పంచదార ఎలా వచ్చింది? ఉత్తరాంధ్ర చెరకు సీమ కూడా. అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశంలోనే పెద్ద వాటిలో ఒకటి. 1932లో విదేశీ చక్కెర నుంచి రక్షణ ఇస్తూ చట్టం వచ్చాక దేశమంతా మిల్లులు పుట్టుకొచ్చాయి. మరుసటి ఏడాదే, 1933లో, ఏటికొప్పాకలో సహకార చక్కెర ఫ్యాక్టరీ మొదలైంది. తర్వాతి కాలంలో ఎస్.కోటకి దగ్గర్లోనే, జామి మండలం భీమసింగిలోనూ ఒకటి వచ్చింది, మూతపడింది. తెల్ల పంచదార చేతికందే సరుకయ్యాక లెక్క మారింది. కిలో మామిడి గుజ్జులో 800 గ్రాములకి పైగా నీళ్లే. అవన్నీ ఎండలో పోతే చేతికి మిగిలేది ఎంత? రెండు వందల గ్రాములు దాటదు. అదే పంచదారో బెల్లమో కలిపితే తూకం పెరుగుతుంది, పుల్లని పండు కూడా పనికొస్తుంది, ఎండాల్సిన రోజులు తగ్గుతాయి. ఇప్పుడు బజార్లో దొరికే తాండ్రలో చాలామటుకు ఈ కలుపు ఉంటుంది. దాన్ని మోసం అనను. చాపల ముందు కూర్చున్న మనిషికి ఇచ్చే ధర అంత తక్కువగా ఉన్నప్పుడు పంచదార వెయ్యొద్దని చెప్పడానికి మనమెవరం? అసలైన తాండ్ర కావాలనేవాళ్లం నాలుగింతలు ఇవ్వడానికి సిద్ధపడ్డామా?

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. పంచదార వెయ్యని తాండ్ర అంటే తీపి లేని తాండ్ర కాదు. వంద గ్రాముల మామిడిలో దాదాపు 14 గ్రాముల చక్కెర సహజంగానే ఉంటుంది. ఎండేకొద్దీ నీళ్లు పోతాయి గానీ ఆ చక్కెర ఎక్కడికీ పోదు. షుగర్ ఉన్నవాళ్లు ‘నేచురల్’ అన్న ముక్క చూసి సగం చాప తినేస్తే డాక్టరు దగ్గర భావమిశ్రుడు సాక్ష్యం చెప్పడు.

2014 అక్టోబరులో హుద్‌హుద్ ఈ వైపు మామిడి తోటల్ని పడగొట్టింది. మామిడి చెట్టు మళ్లీ నిండుగా కాయడానికి ఏళ్లు పడుతుంది. పండు దొరికిన ఏడు కూడా గండం వాన రూపంలోనే ఉంటుంది. నైరుతి జూన్‌లో ఈ తీరానికి చేరుతుంది, ఆలస్యంగా ముగ్గే పళ్లూ అప్పుడే వస్తాయి. సగం ఆరిన పూత మీద ఒక్క జల్లు పడితే కింది పూతలు కూడా పులుస్తాయి. పంచదార వేసిన చాప కాస్త ఓర్చుకుంటుందేమో గానీ, వెయ్యని చాపని మబ్బు కనపడగానే ఇంట్లోకి లాగాల్సిందే.