కూర్చున్న రోజు ఎవరు చూశారు?

మా పాప పుట్టిన రోజు నుంచీ నేనొక నోట్‌బుక్ రాస్తున్నాను. చరిత్ర పాఠాలు చెప్పుకు బతికేవాణ్ణి, తేదీలంటే మోజు. పాప 5 వారాలు ముందుగా, 2 కిలోల 100 గ్రాముల బరువుతో పుట్టింది. ఆసుపత్రిలో తల్లి ఎదమీద, ఆమె నిద్రపోయే వేళల్లో నా ఎదమీద బట్టల్లేకుండా ఆనించి పడుకోబెట్టేవారు. 1978లో కొలంబియా దేశపు బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక ఇద్దరు డాక్టర్లు మొదలుపెట్టిన పద్ధతి ఇది. దానికి కంగారూ తల్లి పేరు పెట్టారు గానీ, తండ్రి ఒంట్లోనూ ఆ వెచ్చదనం ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

రుద్రూర్‌లో ఇంటికి వచ్చాక నా పని ఎదమీద నుంచి నోట్‌బుక్కుకు మారింది. సాయంత్రం కాలేజీ నుంచి రాగానే “ఎన్నిసార్లు పాలు తాగింది? ఎన్నిసార్లు తడిపింది?” అని నా భార్యను అడిగేవాణ్ణి. ఆమె చెప్పేది, నేను రాసేవాణ్ణి. మంచి తండ్రినని లోలోపల మురిసిపోయాను కూడా.

ఏడో నెల నిండింది. పాప కూర్చోలేదు. కూర్చోబెడితే పక్కకు ఒరిగిపోయేది. నెలలు నిండని పిల్లల గురించి విన్నవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆ రాత్రి భయంలో, “పాలు సరిగ్గా ఇస్తున్నావా? కింద వదులుతున్నావా, ఎప్పుడూ ఎత్తుకునే ఉంటున్నావా?” అని అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఆ నోట్‌బుక్కు పాప గురించా, నా గురించా?” అంది.

మొదటి పేజీ నుంచి మళ్ళీ చదువుకున్నాను. అందులో ఉన్న సంగతులన్నీ దాదాపు ఆమె చూసినవే. ఆమె పేరు మాత్రం ఎక్కడా లేదు.

ఇలా రాసిన తండ్రుల్లో నేను మొదటివాణ్ణేమీ కాదు. 1839లో కొడుకు పుట్టినప్పుడు చార్లెస్ డార్విన్ నోట్సు రాసుకున్నాడు. 37 ఏళ్ళకు వాటిని బయటికి తీసి, 1877లో ‘మైండ్’ పత్రికలో వ్యాసంగా అచ్చువేశాడు. పిల్లవాడు 45 రోజులకు నవ్వాడని అందులో ఉంది. ఆరు నెలల 11 రోజుల వయసులో దాది ఏడుపు నటిస్తే వాడి ముఖం చిన్నబోయిందనీ ఉంది. సానుభూతి అనే భావం ఎప్పుడు పుడుతుందో చెప్పడానికి ఆయన చూపిన సాక్ష్యం అది. ఆ సాక్ష్యానికి ఆధారమైన దాది పేరు మాత్రం ఆ వ్యాసంలో లేదు. 1882లో జర్మనీలో ప్రేయర్ తన కొడుకును గమనించి పెద్ద గ్రంథమే రాశాడు. శిశు మనస్తత్వశాస్త్రానికి పునాది వేసినవాడిగా నిలిచాడు.

మరి ఆడవాళ్ళు రాయలేదా? అమెరికాలో మిలిసెంట్ షిన్ అన్న కూతురు రూత్ ఎదుగుదలను రోజూ రాసింది. ఆ పని మీదే 1898లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొందింది. అక్కడ ఆ పట్టా అందుకున్న మొదటి స్త్రీ ఆమే. 1900లో ఆమె పుస్తకం వచ్చింది. ఆ తర్వాత ఇంట్లో పెద్దవాళ్ళ సేవ, పిల్లల చదువు మీద పడ్డాయి. పరిశోధన అక్కడితో ఆగిపోయింది. బిడ్డను చూసుకోవడం డార్విన్‌కు శాస్త్రమైంది. షిన్‌కు ఆ చూసుకోవడమే శాస్త్రాన్ని మింగేసింది.

మన ఇళ్ళలో నోట్‌బుక్కులు లేవు, పిండివంటలున్నాయి. బిడ్డ నవ్విన రోజు నువ్వుండలు, బోర్లపడిన రోజు బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగు వేస్తే అరిసెలు. మొదటి అక్షరం కలిసేట్టు పేర్చుకున్న ఈ వరస, చదువు రాని ఆడవాళ్ళు నోటి మీద నిలుపుకున్న ఎదుగుదల పట్టిక అనిపించింది నాకు. ఈ సంబరంతోనే, బాలింతకు తోడుగా బోధన్ నుంచి వచ్చి ఉన్న మా అత్తమ్మను అడిగాను: “మీ బిడ్డ ఎన్నో నెలల కూసుంది అత్తమ్మా?”

“నాకేడ యాదికుంది కొడుకా. చెరుకుల కలుపు తీసుడాయె. ఒడ్డుమీది చెట్టుకు తొట్టెల కట్టి పోయేది. ఏడిస్తే వచ్చి పాలిచ్చేది. అది ఎప్పుడు కూసుందో ఎవలు చూసిన్రు?”

పిండివంటల గురించి ఇక అడగలేకపోయాను. అరిసెలకు బెల్లం కావాలి. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్ళతో ఈ నేల చెరకు పండింది. 1937లో బోధన్‌లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 చివర మూతపడేదాకా ఆ చెరకును ఆడింది. ఇంత తీపి పండిన చోట, కలుపు తీసిన చేతికి తన బిడ్డ బోర్లపడ్డ రోజు చూసే తీరిక లేదు, బెల్లమూ లేదు. నేను స్త్రీల జ్ఞానమని మురిసిపోయిన పట్టిక, బెల్లమూ తీరికా ఉన్న ఇళ్ళ స్త్రీలది.

ఆ తీరిక లేని తల్లులకు చరిత్ర ఇచ్చిన పేరు ‘అజ్ఞానం’. 1924లో వైస్రాయ్ భార్య లేడీ రీడింగ్ చొరవతో దేశమంతా శిశువారోత్సవం జరిపారు. పిల్లలు చనిపోతున్నారంటే తల్లులకు పెంచడం తెలియదు, వాళ్ళకు నేర్పాలి అన్నది ఆ కాలపు నమ్మకం. కూలి ఎంత, తల్లి కంచంలో ఏముంది అన్న ప్రశ్నలు వెనక్కిపోయాయి. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన డాక్టర్ వీణా శత్రుఘ్న ఆ కంచం గురించే మాట్లాడారు. చవకలో కేలరీలు లెక్కగట్టే విధానాలు పేదవాళ్ళ కంచాన్ని బియ్యం, గోధుమలతో నింపి పాలు, గుడ్లు, మాంసాన్ని దూరం చేశాయని విమర్శించారు. “పాలు సరిగ్గా ఇస్తున్నావా” అని అడిగిన నేను, “నువ్వు తిన్నావా” అని ఒక్కరోజైనా అడిగానా? నోట్‌బుక్‌లో దానికి గడే లేదు. చదువుకున్న తండ్రిగా నేనూ ఆ 1924 గొంతుతోనే మాట్లాడాను.

మర్నాడు పాపను నేనే అంగన్‌వాడీకి తీసుకెళ్ళాను. టీచరమ్మ బరువు తూచి, గులాబీ రంగు గ్రాఫు మీద చుక్క పెట్టింది. గీత కింద ఉన్నా పైకే పోతోంది. “5 వారాలు ముందొచ్చిన పిల్ల కదా సార్. ఆ 5 వారాలు తీసి లెక్కపెట్టాలె” అంది. తీస్తే పాపకు ఆరు నెలలు కూడా నిండలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన కొలతలు ఇంటికొచ్చి చదివాను. ఢిల్లీ పిల్లలతో సహా అయిదు దేశాల పిల్లలను చూసి చెప్పినవి అవి. ఆధారం లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య ఎప్పుడైనా జరగవచ్చు. ఒంటరిగా నడవడానికి 8.2 నుంచి 17.6 నెలల దాకా వ్యవధి ఉంది. కొద్దిమంది పిల్లలు పాకకుండానే నడిచేస్తారు. అయినా నెలలు నిండని పిల్ల కనుక డాక్టరుకు చూపించాం. మెడ నిలిచింది, చూపూ వినికిడీ బాగున్నాయి, మళ్ళీ రెండు నెలలకు రమ్మన్నారు.

ఆ రాత్రి నా భార్యకు క్షమాపణ చెప్పాను. “క్షమాపణ సరే, పొద్దటి స్నానం నీది” అంది. అప్పటి నుంచీ కాళ్ళు చాపుకుని పాపకు స్నానం పోస్తున్నాను. మొదటివారం సబ్బు కళ్ళలో పడింది, ఇద్దరం ఏడ్చాం. చేతులతో చూసుకుంటుంటే తెలిసే సంగతులు వేరు. ఎడమ కాలు కొంచెం ముందుగా తన్నుతుందని ఏ సాయంత్రపు ప్రశ్నా నాకు చెప్పలేదు.

ఎనిమిదో నెల సగమయ్యాక ఒక మధ్యాహ్నం నేను క్లాసులో ఉన్నాను, నా భార్య పడుకుని ఉంది. చాప మీద పాప ఎవరూ పట్టుకోకుండా కూర్చుంది. సాయంత్రం అత్తమ్మ ఆ సంగతి నాకు మూడుసార్లు చెప్పింది. మూడోసారి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

నోట్‌బుక్‌లో ఇప్పుడు కొత్త గడి ఒకటుంది. ఆ రోజు తేదీ పక్కన ఇలా రాశాను: కూర్చుంది. చూసినవారు, అమ్మమ్మ.