ఇసుక ఫిల్టరు (బిందు సేద్యం)

ఇసుక ఫిల్టరు అనగా నీటిని ఇసుక పొర గుండా పంపి, అందులోని మట్టి, పాచి, చెత్త మొదలైన వాటిని తొలగించే పరికరం. తాగునీటి సరఫరా కేంద్రాలలోను, ఈత కొలనులలోను, బిందు సేద్యంలోను దీనిని వాడుతారు. వర్షపాతం తక్కువగా ఉండి బోర్లపైన, నీటి కుంటలపైన ఆధారపడిన కర్నూలు, కడప ప్రాంతాలలో బిందు సేద్యం (వాడుకలో డ్రిప్పు) విస్తరించినందున ఈ పరికరం రైతులకు బాగా పరిచయమైనది. ఫిల్టరును సకాలంలో శుభ్రం చేయకపోతే డ్రిప్పర్లు మూసుకుపోయి తోట ఎండిపోయే ప్రమాదం ఉంది. కావున ఫిల్టరు అమర్చుకోవడం ఎంత ముఖ్యమో, దానిని శుభ్రంగా ఉంచుకోవడం కూడా అంతే ముఖ్యం.

చరిత్ర

ఇసుకతో నీటిని వడకట్టి పట్టణ ప్రజలకు సరఫరా చేయడం 19వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో మొదలైంది. స్కాట్లాండు లోని పైస్లీ పట్టణంలో 1804లో జాన్ గిబ్ ఇటువంటి ఏర్పాటు చేశాడు. 1829లో లండనులోని చెల్సీ నీటి సరఫరా సంస్థకు జేమ్స్ సింప్సన్ నెమ్మదిగా వడకట్టే ఇసుక ఫిల్టరును నిర్మించాడు. తరువాతి కాలంలో పీడనంతో వేగంగా వడకట్టి, నీటిని వెనుకకు పంపి కడిగే ఫిల్టర్లు వచ్చాయి. ఈత కొలనులలోను, పొలాలలోను వాడేవి ఈ రెండవ రకానికి చెందినవి.

ఆధునిక బిందు సేద్యం ఇజ్రాయెల్ లో సింఛా బ్లాస్ అనే ఇంజనీరు కృషితో రూపుదిద్దుకుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2003 నవంబరులో సూక్ష్మ నీటిపారుదల పథకాన్ని ప్రారంభించి, రైతులకు రాయితీపై పరికరాలు అందించసాగింది. పులివెందుల, లింగాల, సింహాద్రిపురం ప్రాంతాలలోని చీనీ, అరటి తోటలలో డ్రిప్పు విరివిగా కనిపిస్తుంది.

నిర్మాణం, పనిచేయు విధానం

ఇసుక ఫిల్టరు ఇనుముతో గాని, ప్లాస్టిక్ తో గాని చేసిన గుండ్రని తొట్టి. ఇందులో గరుకు అంచులు గల సిలికా ఇసుకను నింపుతారు. రేణువులు ఇంచుమించు ఒకే పరిమాణంలో, సాధారణంగా 0.5 నుండి 1.5 మి.మీ. మధ్య ఉంటాయి. ఏటి ఇసుకలో సన్నవి, లావువి కలిసి ఉండుట వలన, మట్టి కూడా ఉండుట వలన అది ఇందుకు పనికిరాదు.

నీరు పైభాగం నుండి ప్రవేశించి ఇసుక గుండా కిందికి దిగుతుంది. మలినాలు రేణువుల మధ్య చిక్కుకుంటాయి. వడకట్టిన నీరు అడుగున ఉన్న సన్నని చీలికల గొట్టాల ద్వారా బయటికి వస్తుంది. మలినాలు పేరుకొనే కొద్దీ నీటి దారి ఇరుకై, ఫిల్టరుకు ముందు పీడనం పెరిగి, తరువాత పీడనం తగ్గుతుంది. ఈ రెంటి మధ్య తేడాయే ఫిల్టరు ఎంత మురికిగా ఉన్నదో తెలుపుతుంది. అందుకే ఫిల్టరుకు రెండు వైపులా ప్రెషర్ గేజీలు ఉండాలి.

పొలంలో పరికరాల వరుస సాధారణంగా ఈ విధంగా ఉంటుంది:

1. బోరు నీటిలో ఇసుక వస్తుంటే దానిని వేరు చేసే హైడ్రోసైక్లోన్.
2. కుంట, కాలువ, బావి నీటికి ఇసుక ఫిల్టరు.
3. ఎరువులు కలిపే ట్యాంకు లేదా వెంచూరి.
4. జాలీ ఫిల్టరు. ఇందులో సాధారణంగా 120 మెష్, అనగా సుమారు 130 మైక్రాన్ల రంధ్రాల జల్లెడ ఉంటుంది.

ఇసుక ఫిల్టరు నుండి తప్పించుకున్న రేణువులను, కరగని ఎరువును జాలీ ఫిల్టరు ఆపుతుంది. డ్రిప్పరులోని నీటి దారి చాలా ఇరుకైనది. అందులో అత్యంత సన్నని చోటు వెడల్పులో పదవ వంతు కన్నా పెద్ద రేణువులను ముందే ఆపివేయాలన్నది ఒక సాధారణ సూత్రం.

శుభ్రపరచు విధానం

నీటిని వెనుక దిశలో పంపి ఇసుకను కడగడాన్ని బ్యాక్‌వాష్ అంటారు. రెండు గేజీల మధ్య తేడా చదరపు సెంటీమీటరుకు సుమారు 0.5 కిలోలకు చేరేలోపు ఇది చేయాలి. పాచి పట్టిన కుంట నీరు వాడేచోట ప్రతిదినం ఐదు నిమిషాలు కడగమని సిఫారసు చేస్తారు.

1. మోటారు నడుస్తుండగా రెండు గేజీలు చూసి తేడా గుర్తుంచుకోవాలి.
2. బ్యాక్‌వాష్ వాల్వును, నీటిని అడుగు నుండి పంపే వాల్వును ముందు తెరిచి, ఆ తరువాత మామూలు దారి వాల్వులను, పొలానికి వెళ్ళే వాల్వును మూయాలి. అన్ని దారులూ ఒకేసారి మూసివేస్తే పీడనం పెరిగి పైపులు పగిలే అవకాశం ఉంది.
3. నీరు అడుగు నుండి పైకి వెళ్ళి ఇసుకను లేపి, మురికిని వెలుపలికి తెస్తుంది. బయటికి వచ్చే నీటిని గాజు గ్లాసులో పట్టి చూస్తూ, అది తేటగా మారేవరకు కొనసాగించాలి.
4. ఆ నీటిలో ఇసుక వస్తుంటే ప్రవాహం మరీ వేగంగా ఉన్నట్లు. బయటి వాల్వును కొంత మూసి తగ్గించాలి.
5. వాల్వులను యథాస్థితికి తెచ్చి మళ్ళీ గేజీలు చూడాలి.

కడిగిన తరువాత కూడా తేడా తగ్గకపోతే ఇసుక గడ్డకట్టినట్లు భావించాలి. అప్పుడు మోటారు ఆపి, పీడనం పూర్తిగా పోయిన తరువాత మూత తీసి, ఇసుకను చేతితో కలియబెట్టి తిరిగి కడగాలి. ఇసుక మట్టం తగ్గితే అదే పరిమాణం గల ఇసుకను చేర్చాలి. జాలీ ఫిల్టరులోని జల్లెడను విడిగా తీసి మెత్తని బ్రష్షుతో కడగాలి. చిరిగిన జల్లెడ వాడరాదు. లేటరల్ పైపుల చివరి మూతలను అప్పుడప్పుడు తెరిచి, అడుగున చేరిన మట్టిని వదలాలి.

వ్యవసాయ విద్యుత్తు పరిమిత గంటలే ఉండుట వలన బ్యాక్‌వాష్ కు వెచ్చించే ఐదు నిమిషాలు కొందరికి వృథాగా తోచవచ్చు. కాని మురికి ఫిల్టరుతో మోటారు రోజంతా నడిచినా పొలానికి చేరే నీరు తక్కువే. కడిగిన నీరు కూడా వృథా కానవసరం లేదు. దానిని పైపు ద్వారా దగ్గరలోని చెట్ల పాదులకు మళ్ళించవచ్చు.

ఫిల్టరు ఆపలేనివి

ఇసుక ఫిల్టరు నీటిలో తేలే పదార్థాలను మాత్రమే ఆపుతుంది, కరిగిన లవణాలను ఆపలేదు. కడప, కర్నూలు ప్రాంతాలలో సున్నపురాయి, డోలమైటు శిలలు విస్తారంగా ఉన్నాయి. పులివెందుల ప్రాంతంలోని వేంపల్లె శిలా సముదాయం ఇందుకు ఉదాహరణ. ఇటువంటి రాళ్ళ మధ్య నుండి వచ్చే బోరు నీటిలో కాల్షియం బైకార్బొనేటు కరిగి ఉంటుంది. ఎండకు నల్లని పైపులు వేడెక్కినప్పుడు, డ్రిప్పరు కొన వద్ద నీరు ఆవిరైనప్పుడు ఇది తెల్లని సున్నపు పొరగా మారి రంధ్రాన్ని మూస్తుంది.

దీనికి ఆమ్ల చికిత్స చేస్తారు. హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని, లేటరల్ చివర పీహెచ్ విలువ సుమారు 4కు చేరేవరకు నీటితో పంపి, 24 గంటలు అలాగే ఉంచి, తరువాత పైపుల మూతలు తెరిచి శుభ్రంగా కడిగివేస్తారు. పాచి, సూక్ష్మజీవుల జిగురు ఉన్నప్పుడు బ్లీచింగు పౌడరు ద్రావణంతో క్లోరిన్ చికిత్స చేస్తారు. కఠినజలంలో భాస్వరపు ఎరువులు కలిపితే అవి కూడా కాల్షియంతో కలిసి పైపులలో పేరుకుంటాయి.

జాగ్రత్త: ఆమ్లాన్నే నీటిలో పోయాలి, నీటిని ఆమ్లంలో పోయరాదు. ఆమ్లమును, బ్లీచింగు పౌడరును ఎన్నడూ కలపరాదు. కలిపితే ప్రాణాపాయం కలిగించే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు ధరించాలి.

మూసుకుపోయినట్లు తెలుసుకొనుట

డ్రిప్పర్లు ఒక్కసారిగా మూసుకుపోవు, నీరు క్రమంగా తగ్గుతుంది. నేల తడిగానే కనిపించుట వలన లోపం త్వరగా తెలియదు. ఉదాహరణకు ఒక చీనీ చెట్టుకు గంటకు 8 లీటర్ల డ్రిప్పర్లు నాలుగు ఉంటే మూడు గంటలలో 96 లీటర్లు అందుతాయి. వాటిలో రెండు మూసుకుపోతే 48 లీటర్లే అందుతాయి. వేసవిలో ఈ కొరత వలన కాయ రాలిపోతుంది, కొమ్మలు ఎండుతాయి. ఏళ్ళ తరబడి పెంచిన చెట్టు దెబ్బతింటే తిరిగి ఆ స్థితికి తేవడం కష్టం.

కొలతతో దీనిని ముందే గుర్తించవచ్చు. లేటరల్ మొదటిలోను, చివరలోను ఉన్న డ్రిప్పర్ల కింద పాత్ర ఉంచి ఒక నిమిషం నీరు పట్టాలి. గంటకు 4 లీటర్ల డ్రిప్పరు నిమిషానికి సుమారు 67 మి.లీ., 8 లీటర్ల డ్రిప్పరు సుమారు 133 మి.లీ. ఇవ్వాలి.

ఈత కొలనులలో

ఈత కొలనుల ఇసుక ఫిల్టరు కూడా ఇదే సూత్రంపై పనిచేస్తుంది. అయితే పొలంలో నీరు ఒక్కసారే ఫిల్టరు గుండా పోగా, కొలనులో అదే నీరు పదే పదే తిరుగుతుంది. ఇక్కడ 0.45 నుండి 0.55 మి.మీ. ఇసుకను వాడుతారు. శుభ్రంగా ఉన్నప్పటి పీడనం కన్నా గేజి 8 నుండి 10 పి.ఎస్.ఐ. ఎక్కువ చూపినప్పుడు బ్యాక్‌వాష్ చేస్తారు. కడిగిన తరువాత కొద్దిసేపు నీటిని బయటికి వదిలి, ఆ పిదప కొలనులోకి పంపుతారు. నేలపై అమర్చే చిన్న కొలనులలో తరచుగా కాగితం వంటి మడతల గుళిక ఫిల్టరు ఉంటుంది. దానికి బ్యాక్‌వాష్ ఉండదు. బయటికి తీసి, మడతల మధ్య నీటి ధారతో కడిగి తిరిగి అమర్చాలి.

ఇవి కూడా చూడండి

బిందు సేద్యం
తుంపర సేద్యం
కఠినజలం
చీనీ